ముప్పై ఒక్కమంది కూర్చునే గది

ఆ భవనానికి తొమ్మిది అంతస్తులు, కింద రెండు సెల్లార్లు, ముందువైపు నిలువెత్తు అద్దాలు. లోపల అడుగుపెట్టగానే ఎదురుగా గోడనిండా ఆకులుంటాయి. అన్నీ ప్లాస్టిక్ ఆకులే. అవి పచ్చగా కనిపించాలని వాటి వెనక నూట ఇరవై చిన్న దీపాలు పగలంతా వెలుగుతూనే ఉంటాయి. అలాంటి భవనానికి హరిత ధ్రువపత్రం తెప్పించుకోవాలని యజమానులకు బుద్ధి పుట్టింది. కట్టి ఇరవై ఏళ్ళయిన భవనాలక్కూడా ఇస్తారట. ద్వారం పక్కన ఇత్తడి పలక బిగించుకోవచ్చట. ఖాళీగా ఉన్న మూడంతస్తులు అద్దెకు తీసుకోబోయే కంపెనీ ఆ పలక లేనిదే సంతకం పెట్టనని చెప్పిందట.

సోమవారం పొద్దున్న ప్యానెలాయన్ని తొమ్మిదో అంతస్తుకు రమ్మన్నారు. ఆ భవనంలో కరెంటు చూసే మనిషిని అందరూ అలాగే పిలుస్తారు. పదహారేళ్ళుగా రెండో సెల్లార్లో, జనరేటర్ పక్కన, మెయిన్ ప్యానెల్ ఉన్న గదిలో అతని ఉద్యోగం. గంటగంటకూ మీటర్లు చూసి పుస్తకంలో రాస్తాడు. తొమ్మిదో అంతస్తుకు ఇంతకుముందు చాలాసార్లు వెళ్ళాడు గాని నిచ్చెన భుజాన వేసుకునే వెళ్ళాడు. మీటింగుకని పిలవడం ఇదే మొదలు. అందుకని చొక్కా టక్ చేసుకుని, టెస్టర్ జేబులోంచి తీసి పెన్ను పెట్టుకుని వెళ్ళాడు. కూర్చోమని ఎవరూ అనలేదు. అయినా అతనికి అది పెద్ద వెలితిగా తోచలేదు.

అక్కడ మేనేజరు ఉన్నాడు. ధ్రువపత్రం ఇప్పించడానికి వచ్చిన సలహాదారు ఉన్నాడు. సలహాదారు ముప్పై దాటని మనిషి. లాప్‌టాప్ మీద భూగోళం బొమ్మ అతికించుకున్నాడు. ఏసీ గదిలో చలివేస్తోందని మెడకు మఫ్లర్ చుట్టుకుని, ప్రపంచం ఎంతగా వేడెక్కిపోతోందో వివరిస్తున్నాడు.

అతను చెప్పిన లెక్క మాత్రం ప్యానెలాయనకు తేలిగ్గానే అర్థమైంది. ఏడాదిలో భవనం వాడిన యూనిట్లను దాని వైశాల్యంతో భాగిస్తే చదరపు మీటరుకు ఇన్నని ఒక అంకె వస్తుంది. ఇలాంటి పాత ఆఫీసు భవనాలకు ఆ అంకె నూట పదిహేను దాటకూడదు. వీళ్ళది నూట ఇరవై ఆరు.

ప్యానెలాయన గొంతు సవరించుకుని, డాబా మీది చిల్లర్ గొట్టాల్లో పాచి, సున్నం పేరుకున్నాయని, మూడు రోజులు ఆపి వాటిని శుభ్రం చేయిస్తే పైనున్న పదకొండులో సగానికి పైగా దానంతటదే దిగొస్తుందని చెప్పాడు. రెండేళ్ళుగా చెబుతూనే ఉన్నాడు. కాగితం మీద కూడా రాసిచ్చాడు.

"మూడు రోజులు ఏసీ లేకుండా ఎవరుంటారయ్యా? నువ్వుంటావా?" అన్నాడు మేనేజరు.

తాను పదహారేళ్ళుగా అలాగే ఉంటున్నానని చెప్పడానికి అది సందర్భం కాదనుకుని ప్యానెలాయన ఊరుకున్నాడు.

ఎవరికీ పనికిరాకుండా కరెంటు తినేవి ఏవేవో చూద్దామన్నాడు సలహాదారు. ప్లాస్టిక్ ఆకుల దీపాల మాట వచ్చింది, అవి భవనం పరువుకు సంబంధించినవని పోయింది. డైరెక్టరు గదిలో చలి కాస్త తగ్గించే మాట వచ్చింది, వచ్చినంత మెల్లగానే వెనక్కి వెళ్ళిపోయింది. చివరికి మూడు తేలాయి. సామాన్ల లిఫ్టు, హౌస్‌కీపింగ్ వాళ్ళ బాత్‌రూమ్‌లో గీజరు, రెండో సెల్లార్లో గాలి బయటికి లాగే పెద్ద ఫ్యాను. ఇవి ఆపేసి, ఆ పొదుపును ఏడాదికి లెక్కగట్టి చూపిస్తే అంకె నూట ఇరవై మూడుకు దిగుతుందట.

"ఆ సెల్లార్లో ఎవరుంటారు?" అని సలహాదారు అడిగాడు.

"ఎవరూ ఉండరు. ఊడ్చేవాళ్ళు బట్టలు మార్చుకుంటారు, అంతే," అన్నాడు మేనేజరు.

ప్యానెలాయన ఆ ఇద్దరికీ మధ్యనే నిలబడి ఉన్నాడు. ఆ ఫ్యాను ఏడాదంతా తినే కరెంటును చిల్లర్ నాలుగు రోజుల్లో తినేస్తుందని అతనికి తెలుసు. అదే ఫ్యాను గోడకు అవతల హౌస్‌కీపింగ్ గదిలోంచీ, ఇవతల తన ప్యానెల్ గదిలోంచీ కూడా గాలి లాగుతుందనీ తెలుసు. చెప్పబోయాడు. అంతలో సలహాదారు అతని వైపు చూసి, "మీ సహకారం చాలా అవసరం బాస్," అన్నాడు. తొమ్మిదో అంతస్తులో అతనికి మీరు అనిపించుకోవడం కొత్త. తల ఊపి కిందికి దిగాడు. కావాలంటే తాను డాబా మీదికో, లిఫ్టు గదికో పోయి కూర్చోవచ్చులే అని మెట్ల మీద సర్దిచెప్పుకున్నాడు.

స్విచ్ కిందికి లాగి, ఎవరూ వేయకుండా ఎర్ర చీటీ కట్టాడు. ఫ్యాను ఒక్కసారిగా ఆగలేదు. అలవాటు కొద్దీ ఇంకాసేపు తిరిగి, గొణిగి, ఊరుకుంది. గోడ అవతల మాటలు కూడా ఆగాయి. రెండు నిమిషాల్లో అతని వదిన గుమ్మంలోకి వచ్చింది.

అన్నగారు పోయి ఆరేళ్ళు. ఆ తర్వాత వదినకు ఇక్కడ పని పెట్టించింది ఇతనే. ఇప్పుడు ముప్పై మందికి ఆవిడే పెద్ద. అందరికీ అంతస్తులు పంచుతుంది, గుడ్డలు పంచుతుంది, తగువులొస్తే అవీ తనే పంచుకుంటుంది. ఈ చలికాలం నుంచీ దగ్గు పట్టుకుంది. నేల తుడిచే మందు వాసన పడటం లేదని డాక్టరు చెప్పాడు. ఆ మందు కలిపేది ఆ గదిలోనే.

"ఏం మరిదీ, గాలి మీద కూడా కోత పెట్టారా?"

"పైవాళ్ళు చెప్పారు వదినా."

"పైవాళ్ళంటే? దేవుళ్ళా?"

"తొమ్మిదో అంతస్తువాళ్ళు."

"అయితే దేవుళ్ళకంటే పైనే," అని ఆవిడ చీపురు అందుకుని వెళ్ళిపోయింది. కోపపడినా బాగుండేదని అతనికనిపించింది.

మంగళవారం గదిలో గాలి మురిగిపోయింది. గోడ వెంట ఆరేసిన మాపులు ఆరలేదు. మందు వాసన, తడి గుడ్డల వాసన, టిఫిన్ డబ్బాల వాసన ఒకదాన్నొకటి మోసుకుంటూ నిలబడిపోయాయి. తలుపుకు బకెట్టు అడ్డం పెట్టి తెరిచి ఉంచారు. తెరిస్తే కార్ల పొగ, మూస్తే ఉక్క. పొగ వద్దనేవాళ్ళూ ఉక్క వద్దనేవాళ్ళూ రెండు జట్లయ్యారు. పని చేసి వచ్చి కూర్చున్న ఒకావిడకు పక్కావిడ అట్టపెట్టె మూతతో విసురుతోంది. ఆ చెయ్యి నొప్పి పుడితే ఈవిడ అందుకుని ఆవిడకు విసిరింది. గోడకు ఇవతల ప్యానెలాయన మీటర్లు రాసుకుంటూ వదిన దగ్గు వింటున్నాడు. గంటకొకసారి రాసే మనిషి కనుక, తెలియకుండానే ఆ దగ్గుల్నీ గంటలవారీగా లెక్కపెడుతున్నాడు.

మధ్యాహ్నం వెళ్ళి మేనేజరును అడిగాడు, రోజుకు రెండు గంటలైనా వేయనివ్వమని.

"సర్టిఫికెట్ వచ్చేదాకా ఓపిక పట్టవయ్యా."

"వచ్చాక వేసుకోవచ్చా సార్?"

"వచ్చాక నిలబెట్టుకోవద్దూ?" అన్నాడు మేనేజరు, చిన్నపిల్లాడికి చెప్పినట్టు.

బుధవారం సలహాదారు లెక్కలో కొత్త దారి కనిపెట్టాడు. గరిష్ఠ పరిమితి నూట పదిహేనే అయినా, భవనంలో జనం ఎక్కువుండి, ఎక్కువ గంటలు పనిచేస్తుంటే దాన్ని కొంత పెంచుతారట. ఉద్యోగులు నాలుగువందల పదిమందే. రోజుకు పది గంటలే. మరి ఊడ్చేవాళ్ళు ఎప్పుడొస్తారు? పొద్దున్న అయిదింటికి. ఎప్పటిదాకా ఉంటారు? రెండు విడతలు కలిపి రాత్రి ఎనిమిదిదాకా. వాళ్ళను కూడా చేరిస్తే గంటలు పదిహేనవుతాయి, పరిమితి నూట ఇరవై నాలుగుకు పెరుగుతుంది. ఒక్క యూనిట్ తేడాతో భవనం గట్టెక్కుతుంది. సోమవారం ఆ సెల్లార్లో ఎవరూ లేరు. బుధవారానికి ముప్పై ఒక్కమంది ఉన్నారు.

అయితే వాళ్ళ పేర్లెక్కడా లేవు. మనుషుల్ని పంపే కాంట్రాక్టరు దగ్గర సంఖ్య తప్ప మరేమీ లేదు. ఒకరు మానేస్తే ఇంకొకరిని పంపి ఆ సంఖ్యను పూడుస్తాడు. పేర్లు రాసుకురమ్మని ప్యానెలాయన్ని పంపారు.

అతను కాగితాల అట్ట పట్టుకుని గదిలోకి వెళ్ళేసరికి అందరి ముఖాలూ బిగుసుకున్నాయి. పేర్లు రాశారంటే ఎవరినో తీసేస్తారని వాళ్ళ అనుభవం. తీసెయ్యడానికి కాదు, కలుపుకోడానికని అతను చెబితే ఎవరూ నమ్మలేదు. "మమ్మల్ని కలుపుకుని వాళ్ళేం చేసుకుంటారన్నా?" అని ఒకమ్మాయి అడిగింది. అతను పెన్ను మూత తీసి, ముందు ఆ అమ్మాయి పేరే అడిగాడు.

రాయడం మొదలుపెట్టాక అతనికి సిగ్గేసింది. రోజూ చూసే మనుషులే. మూడో అంతస్తావిడ, అద్దాలావిడ, లిఫ్టు దగ్గరమ్మాయి. ఒక్కరి పేరూ తెలియదు. ఇన్నాళ్ళూ తాను మీటర్లు చూసే మనిషిననీ, వీళ్ళు బకెట్లు మోసే మనుషులనీ లోపల ఒక గీత గీసుకుని ఉన్నాడు. ఆ గీతకు ఇవతల తనతోపాటు ఇంకెవరున్నారో మాత్రం ఎప్పుడూ చూసుకోలేదు. ఇరవై రెండేళ్ళుగా వదినా అని తప్ప పిలవని మనిషి పేరు మాత్రం అడక్కుండా రాశాడు. ఆవిడ తొంగిచూసి, "పరవాలేదే, గుర్తుంచుకున్నావు," అని, నవ్వబోయి దగ్గింది.

పేర్లతో సరిపోలేదు. ప్రతి మనిషికీ కూర్చునే చోటు రాస్తే తప్ప సలహాదారు కంప్యూటరు ముందుకు కదలదట. మేనేజరు ఆలోచించి, "రెండో సెల్లార్, హౌస్‌కీపింగ్ గది, ముప్పై ఆరు చదరపు మీటర్లు," అన్నాడు. ముప్పై ఒక్కమందికీ అదే రాశారు. నిజానికి ఆ గదిలో ఒకేసారి ఎనిమిదిమందికి మించి ఉండరు. మిగతావాళ్ళంతా ఏదో ఒక అంతస్తులో వంగి ఉంటారు.

గురువారం తనిఖీ. మేనేజరుకు పట్టుకున్న భయం ఒకటే. ఈ ముప్పై ఒక్కమంది నిజంగా ఉన్నారా అని అడిగితే? ఆయన బుర్రకు తట్టిన ఉపాయం కూడా ఒకటే. పొద్దున్న పదింటికల్లా అన్ని అంతస్తులనుంచీ అందరినీ దింపించి, ఇళ్ళకు పోవలసినవాళ్ళను ఆపి, ఇంకా రానివాళ్ళను ఫోన్లు చేసి రప్పించి, హాల్లోంచి ప్లాస్టిక్ కుర్చీలు తెప్పించి, అందరినీ ఆ గదిలో కూర్చోబెట్టాడు. బీరువాలు పోగా మిగిలిన చోటులో ఒకరి మోకాళ్ళు ఒకరికి తగులుతున్నాయి. ఉతికిన యూనిఫారాలు వేసుకోమన్నాడు. కార్ల పొగ లోపలికొస్తే బాగుండదని తలుపు మూయించాడు. పిలిచేదాకా ఎవరూ లేవొద్దన్నాడు.

తనిఖీ అధికారిణి పదకొండుంబావుకు వచ్చింది. యాభై పైబడిన మనిషి, నడవడానికి వీలైన చెప్పులు, భుజాన గుడ్డ సంచి. కాఫీ వద్దంది. ముందు ప్యానెల్ గదికి వచ్చి ప్యానెలాయన రాసిన పుస్తకం చాలాసేపు చూసి, "మీరే రాశారా? చక్కగా ఉంది," అంది. ఆ పుస్తకాన్ని ఎవరైనా చదవడం పదహారేళ్ళలో అతను చూడలేదు. తర్వాత డాబా మీదికి వెళ్ళింది, అయిదో అంతస్తు చూసింది. అప్పుడు తన కాగితాలు తిప్పి, గాలి కొలవవలసిన గది ఇంకా ఒకటుందనీ, మనుషులు అన్నిటికన్నా ఇరుగ్గా కూర్చునే గదిలోనే కొలవాలన్నది నియమమనీ, ఈ భవనంలో అది రెండో సెల్లార్లో ఉందనీ చెప్పింది. తొమ్మిదో అంతస్తు నుంచి చూస్తే ఊరంతా కనిపిస్తుందని మేనేజరు ఆశపెట్టాడు. తాను ఊరు చూడటానికి రాలేదంది.

ప్యానెలాయన ఫోను మోగింది. లిఫ్టులో ఉన్నట్టున్నాడు, మేనేజరు గొంతు గుసగుసలాడింది. "ఫ్యాను వెయ్యి. వెంటనే."

ఎర్ర చీటీ విప్పుతుంటే అతని వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి. వేయకపోతే ఏమవుతుందో అతనికి తెలుసు. ఇది చూపించుకోడానికి వేసే గాలి అనీ, ఆవిడ కారెక్కగానే మళ్ళీ ఆగిపోతుందనీ కూడా తెలుసు. మూడు రోజులుగా పైవాళ్ళను మనసులో ఎన్ని తిట్టాడో లెక్కలేదు. వాటిలో ఒక్కటీ వేళ్ళ దాకా రాలేదు. స్విచ్ పైకి నెట్టాడు.

అధికారిణి గదిలోకి వచ్చి, అందరికీ నమస్కారం పెట్టి, ఖాళీ కుర్చీ లేక బోర్లించిన బకెట్టు మీద కూర్చుంది. లేచి కుర్చీ ఇవ్వబోయినావిడను వద్దని చేత్తోనే ఆపింది. సంచిలోంచి అరచేతంత పరికరం తీసి ఒకరి టిఫిన్ డబ్బా మీద పెట్టింది. మనం వదిలిన గాలి గదిలో ఎంత పేరుకుందో ఇది చెబుతుందనీ, వెయ్యి దాటకూడదనీ, పదిహేను నిమిషాలు చూడాలనీ, అంతసేపూ తలుపు ఎప్పటిలాగే మూసి ఉండాలనీ వివరించింది. మేనేజరూ సలహాదారూ, ఫ్యాను సంగతి చెప్పడానికి పిలిపించిన ప్యానెలాయనా గదిలోనే తలుపు దగ్గర ఇరుక్కున్నారు.

పరికరం రెండువేల ఎనిమిదివందలతో మొదలుపెట్టింది.

ఫ్యాను దాని శక్తికొద్దీ గాలిని లాగుతూనే ఉంది. పదింటినుంచీ ముప్పై ఒక్కమంది వదిలిన ఊపిరి అంత తొందరగా ఎక్కడికి పోతుంది? నాలుగో నిమిషానికి సలహాదారు మఫ్లర్ తీశాడు. ఆరో నిమిషానికి మేనేజరు చెవుల వెనకనుంచి చెమట కాలర్లోకి దిగింది. ఎనిమిదో నిమిషానికి సలహాదారుకు అర్జంటు ఫోను వచ్చింది. తలుపు తీస్తే కొలత పాడవుతుందనీ, కావాలంటే ఇక్కడే మాట్లాడుకోవచ్చనీ అధికారిణి అంది. ఫోను దానంతటదే ఊరుకుంది. ఆడవాళ్ళు మాత్రం రోజూ కూర్చున్నట్టే కూర్చున్నారు. ఒకావిడ అట్టపెట్టె మూత తీసి, ఎవరూ అడక్కుండానే, మేనేజరుకు విసిరింది. అంత హీనమైన ముఖంతో ఎవరూ గాలి పుచ్చుకోవడం ప్యానెలాయన చూడలేదు.

పదిహేను నిమిషాలకు రెండువేల మూడువందలుంది.

"ఈ ఫ్యాను రోజూ తిరుగుతుందా?" అని అధికారిణి అడిగింది.

"ఎప్పుడూ ఆగదు మేడమ్," అన్నాడు మేనేజరు.

వదిన తలెత్తి మరిది వైపు చూసింది. అతను నేల చూశాడు. ఆవిడ మళ్ళీ తన చేతులు చూసుకుంది.

"ఈ ముప్పై ఒక్కమందీ రోజూ ఇక్కడే కూర్చుంటారా?"

"ఇక్కడే మేడమ్. రోజూ. అందరూ."

"సరే," అని ఆవిడ రాసుకుంది. ఫ్యాను మూడు రోజులుగా ఆపి ఉందని ఒప్పుకుని ఉంటే, మళ్ళీ వేసుకోమని ఒక వాక్యం రాసి పోయేది. అందరూ ఒకేసారి కూర్చోరని నిజం చెప్పినా అదే జరిగేది. కానీ ఫ్యాను ఎప్పుడూ తిరుగుతూనే, అందరూ రోజూ కూర్చుంటూనే గాలి ఇలా ఉంటే, ఇక ఆ గది మనుషులు ఉండటానికి పనికిరానిదనే అర్థం. వారం లోపల వీళ్ళకు కిటికీలున్న గది చూపించాలనీ, లేదా వీళ్ళను లెక్కలోంచి తీసేయాలనీ, తీసేస్తే పరిమితి మళ్ళీ నూట పదిహేనే అవుతుందనీ ఆవిడ మెల్లగా, మర్యాదగా చెప్పింది. మేనేజరు నోరు తెరిచి, మూసి, గాలి కోసమన్నట్టు మళ్ళీ తెరిచాడు.

మరుసటి సోమవారానికి మొదటి అంతస్తు మూలగదిలోంచి పాత సోఫాలు బయటికి పోయాయి. మూడు కిటికీలు తెరిచారు. ఆ గది చూసిపోయిన అధికారిణి, ఇందులో గరిష్ఠంగా ముప్పై ఒక్కమంది ఉండవచ్చని తలుపుకు బోర్డు పెట్టమంది. మందు కలిపే చోటు డాబా మెట్ల పక్కకు మారింది. బకెట్లూ డబ్బాలూ మోసుకుంటూ ఆడవాళ్ళు మెట్లెక్కి వెళుతుంటే ప్యానెలాయన కూడా రెండు బీరువాలు మోయించాడు. వదిన అతనితో మామూలుగానే మాట్లాడింది, బీరువాల గురించి.

సెల్లార్ ఖాళీ అయిన గంటకు మేనేజరు దిగి వచ్చాడు. ముఖం తేటగా ఉంది. ఇక ఇక్కడ కాగితం మీద కూడా ఎవరూ లేరు కనుక ఫ్యాను పూర్తిగా తీసేయమన్నాడు. దాన్ని కూడా శాశ్వత పొదుపు కింద చూపిస్తారట.

"సార్, ఇక్కడ..." అన్నాడు ప్యానెలాయన.

"ఇక్కడేమిటి?"

గత సోమవారం తొమ్మిదో అంతస్తులో మింగిన మాటే ఇప్పుడూ గొంతులోకి వచ్చింది. అప్పుడు మింగిన మనిషికి ఇప్పుడది చెప్పే యోగ్యత లేదనిపించింది. "ఏం లేదు సార్," అన్నాడు.

ఫ్యూజులు పీకాడు. వైర్లు విప్పి, ఒక్కొక్క కొసకూ టేపు చుట్టాడు, ఎప్పుడూ చేసేటంత శ్రద్ధగానే. పని అయ్యాక బల్ల మీదున్న మనుషుల జాబితా తీసుకున్నాడు. కిటికీల గదిలో అతికించమని ఒక ప్రతి అతనికిచ్చారు. కింద మొత్తం వేసి ఉంది. నాలుగువందల నలభై ఒకటి. ఉద్యోగులు నాలుగువందల పదిమంది, హౌస్‌కీపింగ్ ముప్పై ఒక్కమంది. మొదటినుంచి చివరిదాకా రెండుసార్లు వెదికాడు. ప్యానెల్ గది అన్న మాటే లేదు. పేర్లు రాసింది తనే. ఆ ముప్పై ఒక్కరి కింద తన పేరు చేర్చాలని అప్పుడు తట్టలేదు. తాను పైవాళ్ళ జాబితాలో ఉంటాననుకున్నాడు. పైవాళ్ళు అతన్ని ఏ జాబితాలో ఉంటాడనుకున్నారో, అసలు అనుకున్నారో లేదో. జనరేటర్ వేడి గోడకు తగిలి వెనక్కొచ్చి అతని చుట్టూ నిలబడింది. చొక్కా గుండీలు రెండు విప్పుకున్నాడు.

మధ్యాహ్నం కిటికీల గదిలో ప్లగ్గు పాయింటు బిగించడానికి వెళ్ళాడు. భోజనాల వేళ. టిఫిన్ డబ్బాలు మూతలు తీసి ఉన్నాయి. ఆరేసిన గుడ్డలు కిటికీల దగ్గర కదులుతున్నాయి. ఎవరో ఏదో అంటే అందరూ నవ్వుతున్నారు. జాబితా గోడకు అతికించి, ప్లగ్గు బిగించి, టెస్టర్ పెట్టి చూసి, సంచి భుజాన వేసుకున్నాడు.

"ఎక్కడికి?" అంది వదిన.

"కిందికి."

"కింద ఫ్యాను పీకేశావట."

"పీకమన్నారు."

"ఎవరు పీకమన్నారని నేనడిగానా?" ఆవిడ లేచి గోడ మీద జాబితా దగ్గరకు వెళ్ళింది. వేలు పెట్టి, పెదవులు కదుపుతూ, తమ ముప్పై ఒక్క పేర్లూ పైనుంచి కిందిదాకా చదివింది. చదవడం ఆవిడకు నెమ్మది. అంతసేపూ అతను సంచి దించకుండా నిలబడ్డాడు. కొస దాకా వచ్చి ఆవిడ వేలు ఆగింది.

"నువ్వు లేవేం ఇందులో?"

ఆవిడ ఇంకేమీ అడగలేదు. గురువారం నాటి మాట ఎత్తలేదు. వెనక్కి వచ్చి తన కుర్చీలో కూర్చుని, కిటికీ పక్క కుర్చీ మీదున్న డబ్బాను తీసి కింద పెట్టింది.

"తలుపు మీద ముప్పై ఒక్కమందికే అని రాసుంది వదినా," అన్నాడు.

"ఒకరెప్పుడూ సెలవులోనే ఉంటారులే," అంది ఆవిడ. "రా, కూర్చో."